మా పార్లర్‌లో 8 నెలలుగా వాడుతున్న బుకింగ్ యాప్: ఏ పనికి ఎంత టైము పెట్టాలన్నదే అసలు సంగతి

రాజమండ్రి దానవాయిపేటలో 14 ఏళ్లుగా లేడీస్ బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. జుట్టు పనికి మూడు కుర్చీలు, ఫేషియల్‌కీ వ్యాక్సింగ్‌కీ కలిపి ఒక గది, తల కడగడానికి ఒక్కటే బేసిన్. నాతో కలిపి నలుగురం. పోయిన జూన్ వరకు అపాయింట్‌మెంట్లన్నీ పొడుగాటి డైరీలో రాసుకునేవాళ్లం. ఫోన్ మోగిందంటే చేతికి కలర్ అంటుకుని ఉన్నా సరే, గ్లవ్స్ ఊడదీసి వెళ్లి రాయాలి. హడావుడిలో రాసింది ఒక్కోసారి నాకే అర్థమయ్యేది కాదు. అందుకే బుకింగ్ యాప్ తీసుకున్నాను. 8 నెలలైంది, ఇంకా వాడుతున్నాను, వచ్చే జూన్‌లో మళ్లీ డబ్బు కడతాను కూడా. అయితే మొదటి రెండు వారాల్లోనే దీన్ని తీసిపారేద్దామనుకున్న మాట నిజం. ఎందుకలా అనుకున్నానో, తర్వాత ఏమేం మార్చానో వివరంగా రాస్తాను. పార్లర్ వాళ్లకే కాదు, ఫిజియోథెరపీ, డెంటల్ క్లినిక్, కుక్కపిల్లలకి స్నానం చేయించే సెంటర్, ఏదైనా సరే, టైము ఇచ్చి మనుషుల్ని పిలిచే పని ఉన్నవాళ్లందరికీ పనికొస్తుందని నా నమ్మకం.

యాప్ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే సెట్టింగులు ఈ రకం యాప్‌లు చాలావాటిలో ఏదో ఒక పేరుతో కనిపిస్తాయి. నేను పడ్డ ఇబ్బందిలో సగం నేను నింపిన అంకెల వల్ల వచ్చిందే. పెద్ద పెద్ద సెలూన్ చైన్‌లు జెనోటి లాంటి సాఫ్ట్‌వేర్ వాడతాయి. సుధీర్ కోనేరు 2010లో మొదలుపెట్టిన కంపెనీ అది, హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసు ఉంది. నలుగురం ఉన్న చోటుకి అంత పెద్దది అక్కర్లేదనిపించి చిన్నది తీసుకున్నాను. నెలకి వెయ్యి రూపాయల లోపే, పైన 18 శాతం జీఎస్టీ. ఏడాదికి ఒకేసారి కట్టాను.

పెట్టుకునే రోజు సాయంత్రం షాపు మూసేశాక, ఇంటర్ చదివే మా అబ్బాయి పక్కన కూర్చుని అన్నీ నింపాడు. ఆ యాప్‌లో బ్యూటీ పార్లర్ అని ఎంచుకుంటే చాలు, సర్వీసుల జాబితా తనే ఇచ్చేస్తుంది, టైములతో సహా. హెయిర్ కట్ 30 నిమిషాలు, కలర్ 60, ఫేషియల్ 60, ఐబ్రోస్ 15. చూడ్డానికి బాగానే ఉన్నాయి. ధరలు మాత్రం మార్చుకుని, టైములు అలాగే ఉంచేశాం. నా తప్పు సరిగ్గా అక్కడే జరిగింది. ధర దగ్గర ఒకటికి పదిసార్లు ఆలోచించే నేను టైము దగ్గర ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

మొదటి శనివారం. జ్యేష్ఠమాసం, పెళ్లిళ్ల రద్దీ. 10 గంటలకి ఒకావిడ జుట్టు మొత్తానికి కలర్ బుక్ చేసుకున్నారు. 11 గంటలకి అదే కుర్చీలో ఇంకొకావిడకి రూట్ టచప్, అంటే కుదుళ్ల దగ్గర మాత్రమే కలర్. ఆ రెండో ఆవిడ నర్సు. నైట్ డ్యూటీ దిగి, ఇంటికెళ్లి స్నానం చేసి, వంట చేసి పెట్టి, చెప్పిన టైముకంటే ఐదు నిమిషాలు ముందే వచ్చారు. అప్పటికి మొదటావిడ జుట్టుకి కలర్ పట్టించడమే పూర్తి కాలేదు. "కొంచెం ఆగాలమ్మా" అన్నాను. "పర్లేదండి" అని సోఫాలో కూర్చున్నారు. 12 దాటాక తల తిప్పి చూస్తే గోడకి తల ఆనించి నిద్రపోతున్నారు. ఒళ్లో ఫోన్, అందులో మా యాప్ పంపిన మెసేజ్ తెరిచే ఉంది: మీ అపాయింట్‌మెంట్ 11:00 నుంచి 12:00 వరకు. లేపితే ఉలిక్కిపడి లేచి టైము చూసుకుని, "ఇంకోసారి వస్తానమ్మా, రాత్రికి మళ్లీ డ్యూటీ ఉంది" అని మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయారు. ఒక్క మాట అనలేదు. నాలుగు మాటలు అన్నా ఇంత బాధ ఉండేది కాదేమో.

డైరీ ఉన్న రోజుల్లో కూడా ఆలస్యాలు జరిగేవి. కాకపోతే అప్పుడు "పదకొండు, పదకొండుంపావు అలా రండి" అనేదాన్ని. వచ్చేవాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు, కొంచెం అటూ ఇటూ అవుతుందని. యాప్ ఆ మాటని 11:00 అని రాసి పంపేసింది. రాసి పంపాక అది మాట ఇచ్చినట్టే. దాన్ని నమ్మి ఒక మనిషి తన నిద్ర మానుకుని వచ్చింది.

ఆ తర్వాత ఆషాఢం వచ్చింది. శూన్యమాసం కాబట్టి పెళ్లిళ్లు ఉండవు, మాకు పని తక్కువ. అందులో పదిహేను రోజులు అద్దం పక్కన ఒక నోటుపుస్తకం, పెన్ను కట్టి పెట్టాను. ప్రతి కస్టమర్‌కీ నాలుగు టైములు రాయాలి అని అమ్మాయిలకి చెప్పాను: కుర్చీలో కూర్చున్నది ఎప్పుడు, పని మొదలుపెట్టింది ఎప్పుడు, పని అయ్యింది ఎప్పుడు, కుర్చీ తుడిచి మళ్లీ సిద్ధమైంది ఎప్పుడు. మొదట్లో విసుక్కున్నారు. మూడో రోజు నుంచి వాళ్లకే ఆసక్తి వచ్చింది.

రాసింది చూస్తే నా 14 ఏళ్ల అనుభవం మీద నాకే అనుమానం వచ్చింది. ఐబ్రోస్ మా సీనియర్ అమ్మాయికి 6 నిమిషాలు, కొత్తగా చేరిన అమ్మాయికి 12. హెయిర్ కట్ అని ఒకే పేరు పెట్టానా, చివర్లు సమానం చేయడానికి 15 నిమిషాలు చాలు. తల కడిగి స్టెప్ కట్ చేసి ఆరబెట్టాలంటే 50. నేను పెట్టిన 30 ఆ రెండిట్లో దేనికీ సరిపోలేదు. ఫేషియల్‌లో క్లీనింగ్, ఆవిరి, బ్లాక్‌హెడ్స్ తీయడం, మసాజ్, ప్యాక్ వేసి ఆరనివ్వడం అన్నీ కలిపి 75 అవుతోంది. గౌను మార్చుకోవడం, పడుకోవడం, లేచాక కాసేపు కళ్లు తెరవలేక కూర్చోవడం, తర్వాత దుప్పటి మార్చి గిన్నెలు కడగడం, అదంతా ఇంకో 15. గంట అని రాసుకున్న పని నిజంగా గంటన్నర తీసుకుంటోంది.

ఇక కలర్. ఒక రోజు నేనే దగ్గరుండి ప్రతి నిమిషం రాశాను. నడుము దాకా జుట్టున్న ఆవిడ 3:05కి కూర్చున్నారు. షేడ్ కార్డు తెరిచి, కిటికీ దగ్గర వెలుతురులో జుట్టు పక్కన పెట్టి చూసి, ఫోన్‌లో వాళ్ల చెల్లికి ఫోటో పంపి, ఒక రంగు ఖాయం చేసుకునేసరికి 12 నిమిషాలు. మెడకి టవల్, పైన కేప్, నుదుటి అంచుకీ చెవులకీ మరక పడకుండా క్రీము. తూకం వేసి కలర్ కలపడం. మొదటి పాయ మీద బ్రష్ పెట్టింది 3:25కి. నడుము దాకా జుట్టంటే పాయలు తీసే కొద్దీ వస్తూనే ఉంటాయి, అదీ మన ఆడవాళ్ల జుట్టు ఒత్తుగా ఉంటుంది. చివరి పాయకి పట్టించింది 4:10కి. కంపెనీ డబ్బా మీద 35 నిమిషాలు ఉంచమని ఉంది. టైమర్ పెట్టాం. 4:45కి బేసిన్ దగ్గరికి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, కండిషనర్ పెట్టి, మళ్లీ కడిగేసరికి 5:05. బ్లో డ్రై 5:30కి అయింది. అద్దంలో ముందూ వెనకా చూసుకుని, ఫోటో తీసుకుని, డబ్బు కట్టి, మేం కింద పడ్డ జుట్టు ఊడ్చి బ్రష్‌లు కడిగేసరికి 5:40. మొత్తం 2 గంటల 35 నిమిషాలు. నేను యాప్‌లో పెట్టింది 60.

అయితే ఆ 155 నిమిషాల్లో నా చేతులు పనిలో లేని సమయం కూడా ఉంది. కలర్ పట్టించి టైమర్ పెట్టిన తర్వాత ఆ 35 నిమిషాలూ ఆవిడ టీ తాగుతూ ఫోన్ చూసుకున్నారు, నేను ఖాళీ. ఈ యాప్‌లో నాకు బాగా నచ్చిన సెట్టింగు సరిగ్గా దీని కోసమే ఉంది. ప్రాసెసింగ్ టైమ్ అంటారు. ఒక సర్వీసుని మూడు ముక్కలుగా రాసుకోవచ్చు: ముందు పని, మధ్యలో ఆగే సమయం, తర్వాత పని. మధ్య ముక్కలో ఆ కలర్ వేస్తున్న అమ్మాయికి ఇంకో చిన్న పని బుక్ అవ్వొచ్చు. మనం నోటి లెక్కతో రోజూ చేసేది ఇదే, యాప్‌కి కూడా ఇది తెలుసు అని చూసినప్పుడు చాలా సంతోషం వేసింది.

అక్కడా ఒక దెబ్బ తిన్నాను. ఉన్నది ఉన్నట్టు 65, 35, 55 అని పెట్టాను. మధ్య 35లో 30 నిమిషాల చేతుల వ్యాక్సింగ్ ఒకటి బుక్ అయి కూర్చుంది. వ్యాక్సింగ్‌కి వచ్చినావిడ 8 నిమిషాలు ఆలస్యం. కలర్ టైమర్ మోగేసరికి ఒక చెయ్యే పూర్తయింది. కలర్ ఆగదు కదా, లెక్క దాటి ఉంచితే జుట్టు పాడవుతుంది. రెండో చేతి మీద వ్యాక్స్ అలాగే ఉంచేయలేం. కొత్తమ్మాయిని పిలిచి తల కడిగించి ఎలాగో గట్టెక్కాం. ఆ రాత్రే అంకెలు మార్చాను: 65, 25, 65. మొత్తం అంతే, మధ్యలో పది నిమిషాలు తగ్గించి చివరి ముక్కకి కలిపాను. ఇప్పుడు ఆ మధ్యలోకి ఐబ్రోస్, అప్పర్ లిప్, చివర్లు కత్తిరించడం లాంటి చిన్న పనులే పడతాయి. ప్రాసెసింగ్ టైమ్ ఉన్న ఏ యాప్ వాడినా సరే, ఆగే సమయం డబ్బా మీద రాసినంత పెట్టకండి, పది నిమిషాలు తక్కువ పెట్టండి.

ఇంకొక చిక్కు బేసిన్. యాప్ మనిషిని లెక్కపెడుతుంది. ఈ అమ్మాయి ఖాళీగా ఉందా, అయితే బుక్ చెయ్యి. ఇద్దరు అమ్మాయిలు ఖాళీగా ఉంటే రెండు కలర్‌లు ఒకే టైముకి తీసుకుంటుంది. రెండూ ఒకేసారి మొదలైతే రెండూ ఒకేసారి కడగాలి. బేసిన్ ఒక్కటే. ఇద్దరు కలర్ తలలతో, మెడలో టవల్‌తో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడిన రోజు ఉంది. కుర్చీ, గది, బేసిన్ లాంటి వాటిని కూడా లెక్కపెట్టే సెట్టింగు ఈ యాప్‌లో ఉంది, కానీ పై ప్లాన్‌లో మాత్రమే. దాదాపు రెండింతల ధర. ఇది మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. పది బేసిన్లు ఉన్న పెద్ద సెలూన్‌కి ఈ లెక్క లేకపోయినా నడుస్తుంది. ఒక్కటే ఉన్న చిన్న పార్లర్‌కే ఇది ప్రాణం. కస్టమర్ కేర్‌కి రెండుసార్లు రాశాను. చూస్తాం అన్నారు. అప్పటిదాకా నేను చేసిన ఉపాయం ఇది: ఆన్‌లైన్‌లో కలర్ ఇద్దరు అమ్మాయిలకే పెట్టాను, ఒకరికి 10, 1, 4 గంటలకి, ఇంకొకరికి 11, 2, 5 గంటలకి మాత్రమే మొదలయ్యేలా. గంట తేడా ఉంటే బేసిన్ దగ్గర కొట్టుకోరు. చేత్తో చేసిన సర్దుబాటే గానీ, పనిచేస్తోంది.

జుట్టు పొడవు విషయంలో యాప్ ఇచ్చిన జాబితా మన కోసం రాసినట్టు లేదు. పొట్టి, మధ్యస్థం, పొడవు అని మూడే ఇచ్చింది, పొడవుకి కూడా గంటన్నరే. మా దగ్గరికి వచ్చేవాళ్లలో నడుము దాటిన జుట్టు ఇప్పటికీ మామూలే. నేను తీసేసి మెడ వరకు, భుజాల వరకు, నడుము వరకు, నడుము దాటి అని తెలుగులో నాలుగు రాశాను. తెలుగు అక్షరాలు చక్కగా తీసుకుంది, ఆ విషయంలో మెచ్చుకోవాలి. కానీ కస్టమర్లు ధర చూసి ఎంచుకుంటారు, భుజాల వరకు అన్నది తక్కువ కాబట్టి దాన్నే నొక్కుతారు. వాళ్లని తప్పు పట్టలేం. బుకింగ్‌లో ఒక ప్రశ్న చేర్చుకునే వీలుంది: "జడ విప్పి వెనకనుంచి ఒక ఫోటో పంపండి." ఫోటో వచ్చాక నేను చూసి టైము మారుస్తాను, ధర కూడా అప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తాను. రోజుకి పది నిమిషాల పని. కుర్చీలో కూర్చున్నాక "మీ జుట్టుకి ఇంకా ఎక్కువవుతుందండి" అని చెప్పే ఇబ్బంది పోయింది.

మొదటిసారి కలర్ వేయించుకునేవాళ్లకి నేరుగా స్లాట్ ఇవ్వడం ఆపేశాను. ముందు ప్యాచ్ టెస్ట్ అని 10 నిమిషాల ఉచిత అపాయింట్‌మెంట్. చెవి వెనక కొంచెం రాసి, 48 గంటలు చూసి, దురద, మంట ఏమీ లేకపోతేనే అసలు బుకింగ్. షేడ్ కార్డు మాటలన్నీ కూడా ఆ పది నిమిషాల్లోనే అయిపోతాయి కాబట్టి అసలు రోజు 12 నిమిషాలు మిగులుతున్నాయి. ఇది నాకు అనుకోకుండా దొరికిన లాభం.

శుభ్రం చేసుకునే టైముకి బఫర్ అని వేరే సెట్టింగు ఉంది. వ్యాక్సింగ్ తర్వాత 10 నిమిషాలు, ఫేషియల్ తర్వాత 15. ఇది సర్వీసు టైములో కలపకండి, బఫర్‌లోనే పెట్టండి. కలిపితే కస్టమర్‌కి వెళ్లే మెసేజ్‌లో అది కూడా కనిపిస్తుంది. 75 నిమిషాల ఫేషియల్‌కి 90 అని చూపిస్తే, 75కి లేపినప్పుడు "ఇంకా పావుగంట ఉంది కదండీ" అని అడుగుతారు, అడగడం న్యాయమే. బఫర్‌లో పెడితే వాళ్లకి 75 అనే కనిపిస్తుంది, మా క్యాలెండర్‌లో 90 నిండుతుంది. దీనికోసం పాత కస్టమర్ దగ్గర నిజంగానే ఒక మాట పడ్డాను, అందుకే గట్టిగా చెబుతున్నాను.

స్లాట్ల మధ్య దూరం అన్నది ఇంకో అంకె. చాలామంది దీన్ని సర్వీసు టైముతో కలిపేసుకుంటారు, నేనూ కలిపేసుకున్నాను. పని ఎంతసేపు అన్నది ఒకటి, ఎన్ని నిమిషాలకొకసారి కొత్త పని మొదలుకావచ్చు అన్నది ఇంకొకటి. రెండోది 30 ఉంటే 10 నిమిషాల ఐబ్రోస్ తర్వాత 20 నిమిషాలు కుర్చీ ఖాళీ. 5 పెడితే కస్టమర్‌కి 10:05, 10:10, 10:15 అని స్క్రీన్ నిండా టైములు, వాళ్లు ఏ 10:20నో నొక్కితే ముందు 20 నిమిషాల ముక్క ఎందుకూ పనికిరాకుండా పోతుంది. నేను 15 పెట్టాను. ఐబ్రోస్‌ని మాత్రం ఆన్‌లైన్ నుంచి తీసేశాను. మా ఊళ్లో ఐబ్రోస్‌కి ఎవరూ అపాయింట్‌మెంట్ తీసుకోరు, కూరగాయలకి బయల్దేరి దారిలో ఎక్కి వస్తారు. ఒక కుర్చీ ఎప్పుడూ వాళ్ల కోసం వదిలేశాను. మధ్యలో మిగిలే చిన్న చిన్న ఖాళీలు కూడా వాళ్లతోనే నిండుతున్నాయి.

అమ్మాయిని బట్టి టైము మార్చుకునే వీలు ఈ ధరకి ఇచ్చినందుకు యాప్‌కి పూర్తి మార్కులు ఇస్తాను. ఒకే ఫేషియల్, సీనియర్‌కి 75, కొత్తమ్మాయికి 90. ఇలా పెట్టేముందు కొత్తమ్మాయిని పక్కకి పిలిచి చెప్పాను, ఇది నీకు తక్కువ చేయడానికి కాదమ్మా, నువ్వు కంగారు పడకుండా చేసుకోడానికి అని. అంతకుముందు తర్వాతి మనిషి వచ్చి కూర్చుందనే టెన్షన్‌లో ఆ పిల్ల చెయ్యి వణికేది, ఐబ్రోస్ చేస్తుంటే దారం తెగేది, ఒకసారి ఒకావిడ కనుబొమ్మ పక్కన తోలు లేచింది కూడా. నిమిషాలు పెంచిన తర్వాత ఆ తప్పులు లేవు.

పెళ్లికూతురు పని ఆన్‌లైన్‌లో పెట్టనే పెట్టకండి. దాని లెక్క ముందు నుంచి రాదు, ముహూర్తం నుంచి వెనక్కి రావాలి. పోయిన మాఘంలో ఒక పెళ్లికి ముహూర్తం రాత్రి 2 గంటల 41 నిమిషాలు. వాళ్లు గౌరీపూజకి ఒంటిగంటకే పిల్లని కూర్చోబెట్టాలన్నారు. మేకప్ 2 గంటలు, పూలజడ ముప్పావుగంట, చీర, నగలు కలిపి మరో ముప్పావుగంట. అంటే తొమ్మిదిన్నరకి పిల్ల నా ముందు కూర్చుని ఉండాలి. ఈలోపు తల్లి, పిన్ని, మేనత్త "మాక్కూడా చీర కుచ్చిళ్లు సర్దమ్మా" అంటారు, కాదనలేం, తలా పావుగంట. తర్వాత మధుపర్కాలు మార్చేటప్పుడు మళ్లీ మనమే ఉండాలి. ఇదంతా ఏ యాప్ ఊహించగలదు? పైగా ఈ యాప్ అర్ధరాత్రి దాటే అపాయింట్‌మెంటుని ఒకటిగా తీసుకోదు. రాత్రి 9 నుంచి 11:59 వరకు ఒక బ్లాకు, 12 నుంచి 4 వరకు మరుసటి రోజులో ఇంకో బ్లాకు పెట్టుకోవాలి. అది కూడా సర్దుకోవచ్చు. అసలు మర్చిపోకూడనిది ఆ తర్వాతి ఉదయం. రాత్రంతా పెళ్లిలో పనిచేసి 5 గంటలకి ఇల్లు చేరిన అమ్మాయికి యాప్ ఉదయం 9:30కి ఫేషియల్ ఇచ్చేసింది, ఎందుకంటే క్యాలెండర్‌లో తను ఖాళీగానే కనిపించింది. ఆ ఫేషియల్ నేనే చేశాను. అప్పటి నుంచి రాత్రి పెళ్లికి వెళ్లిన ప్రతివాళ్లకీ మరుసటి రోజు 2 గంటల వరకు సెలవు అని ముందే బ్లాక్ చేస్తున్నాను.

మన అలవాట్లు యాప్‌కి తెలియవు, మనమే నేర్పాలి. మంగళవారం, శుక్రవారం జుట్టు కత్తిరించుకోనివాళ్లు మా కస్టమర్లలో ఎక్కువ. ఆ రెండు రోజులూ హెయిర్ కట్‌కి ఒక్క అమ్మాయినే ఉంచి, మిగతావాళ్లని ఫేషియల్, పెడిక్యూర్‌ల మీద పెడతాను. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు రాహుకాలం. పెళ్లి సందర్భంగా చేయించుకునే మొదటి ఫేషియల్‌కి ఆ టైములో ఎవరూ రారు, అందుకే పెళ్లి ప్యాకేజీలకి ఆ గంటన్నర మూసి ఉంచాను. కొవ్వూరు నుంచి వంతెన దాటి వచ్చేవాళ్లకి ట్రాఫిక్ వల్ల పది నిమిషాలు ఆలస్యం అవుతుంది, 15 వరకు మేం ఏమీ అనం. దాటితే చిన్న పని చేసి పంపుతాం, లేదా వేరే టైము ఇస్తాం.

మెసేజ్‌ల సంగతి కొంచెం. ఎస్సెమ్మెస్ పంపాలంటే ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే ఆన్‌లైన్ రిజిస్టర్‌లో మన పేరు, మెసేజ్ టెంప్లేటు ముందుగా నమోదు చేయించుకోవాలి. ఆ మాట యాప్ అమ్మేటప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. నేను వాట్సాప్ మెసేజ్‌లతోనే సరిపెట్టుకున్నాను, మా కస్టమర్లు చూసేదీ అదే.

ఒక భయం గురించి చెప్పాలి, ఎందుకంటే టైములు పెంచేటప్పుడు అది అందరికీ వస్తుంది. కలర్ 60 నుంచి 155కి పెంచితే రోజుకి పట్టే అపాయింట్‌మెంట్లు సగానికి పైగా తగ్గినట్టు కనిపిస్తాయి. క్యాలెండర్ చూస్తే గుండె జారింది. తర్వాత పాత డైరీ తీసి లెక్కపెట్టాను. ఏ రోజూ మేం నాలుగైదు కలర్‌లకి మించి చేయలేదు. కాగితం మీద ఎన్ని రాసుకున్నా మిగతావాళ్లు సోఫాలో కూర్చుని కూర్చుని లేచి వెళ్లిపోయినవాళ్లే. ఇప్పుడు కూడా రోజుకి ఐదు చేస్తున్నాం. తేడా ఏమిటంటే వచ్చిన ఐదుగురూ చేయించుకునే వెళ్తున్నారు, మేం మధ్యాహ్నం కూర్చుని అన్నం తింటున్నాం. అవును, భోజనాన్ని కూడా అపాయింట్‌మెంటులాగే క్యాలెండర్‌లో పెట్టాను, ఒక్కొక్కరికి 30 నిమిషాలు, ఒకరి తర్వాత ఒకరు.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ముందు రోజు గురువారం మాకు ఏడాదిలోకెల్లా రద్దీ రోజు. ఆ రోజే అసలు పరీక్ష అనుకున్నాను. పొద్దున 9 నుంచి రాత్రి 9 వరకు క్యాలెండర్ నిండింది. ఆ రోజు అందరికంటే ఎక్కువసేపు ఆగినావిడ ఆగింది 20 నిమిషాలు. అంతకుముందు ఏడాది ఇదే రోజున మెట్ల మీద కూడా కూర్చున్నారు.

నేను ఈ యాప్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను. ప్రాసెసింగ్ టైమ్, బఫర్, మనిషిని బట్టి టైము, తెలుగులో సర్వీసు పేర్లు, ఇవన్నీ తక్కువ ధరకే ఇచ్చారు. బేసిన్ లెక్క పై ప్లాన్‌లో దాచినందుకు, అర్ధరాత్రి దాటిన బుకింగ్ తీసుకోనందుకు, ముందే నింపిన టైముల పక్కన "మీ షాపులో కొలిచి మార్చుకోండి" అని ఒక్క ముక్కయినా రాయనందుకు ఒకటి తగ్గించాను. కొత్తగా పెట్టుకునేవాళ్లు మొదటి రెండు వారాలు ఆన్‌లైన్ బుకింగ్ తెరవకండి. క్యాలెండర్ మీ దగ్గరే ఉంచుకుని, నోటుపుస్తకంలో నాలుగు టైములూ రాసుకుని, ఆ తర్వాతే లింకు కస్టమర్లకి ఇవ్వండి.

ఆ నర్సుగారికి నేనే ఫోన్ చేసి, ఆమె సెలవు రోజు కనుక్కుని, ఉదయం 9:30 స్లాట్ నా పేరు మీదే పెట్టాను. కూర్చున్నది 9:30కే. రూట్ టచప్ కాబట్టి 11:10కి లేచి వెళ్లారు. ఇప్పుడు ఆరు వారాలకొకసారి వస్తారు.

నోటుపుస్తకం ఇంకా అద్దం పక్కనే ఉంది. ఈ వారం రాసింది చూస్తే కొత్తమ్మాయి ఐబ్రోస్ 12 నుంచి 8 నిమిషాలకి వచ్చింది, ఫేషియల్ 80కి వచ్చింది. సోమవారం పొద్దున షాపు తెరవగానే తన టైములు మార్చాలి.